మేలిముసుగుకు దంతపు వన్నె

క్రైస్తవ వివాహంలో వధువు ధరించే మేలిముసుగు మల్లెపువ్వులా తెల్లగా ఉండి, గౌను మాత్రం దంతపు వన్నెలో, అంటే లేత పసుపు కలిసిన తెలుపులో ఉన్నప్పుడు, ఆ తేడాను టీ డికాక్షన్‌తో ఇంట్లోనే సరిదిద్దవచ్చు. అయితే ముసుగు ఏ పోగుతో తయారైనదో ముందుగా తెలుసుకోవడం అత్యవసరం. ఎందుకంటే తేయాకులోని టానిన్లు, అనగా టీకి వగరునిచ్చే పదార్థాలు, పట్టును, నైలాన్‌ను పట్టుకుంటాయి గాని పాలియెస్టర్‌కు దాదాపు అంటవు. పాలియెస్టర్‌కు డిస్పర్స్ రంగులు, అంటే నీటిలో సన్నని రేణువులుగా చెదిరి ఉండి, అధిక వేడిలో పోగులోనికి చొచ్చుకుపోయే రంగులు అవసరమవుతాయి.

తడి వస్త్రం ముదురుగా కనిపిస్తుంది కాబట్టి, అంచు నుండి కత్తిరించిన చిన్న ముక్కను ముంచి, ఆరనిచ్చి, పగటి వెలుగులో గౌను పక్కన ఉంచి పరిశీలించాలి. వన్నె కుదిరిన తరువాత ముసుగును మంచినీటిలో పూర్తిగా తడిపి, వడకట్టి నీళ్ళు కలిపిన గోరువెచ్చని డికాక్షన్‌లో మడతలు పడకుండా కదుపుతూ ముంచితే రంగు చారలు లేకుండా సమంగా పడుతుంది. ముదిరిన వన్నెను తగ్గించడం కష్టం కనుక పలుచని డికాక్షన్‌లో రెండుమూడు మార్లు ముంచడమే మేలు. నైలాన్ వేడికి కరుగుతుంది కాబట్టి, ముసుగు ఆరిన పిదప దానిపై నూలుగుడ్డ కప్పి, తక్కువ వేడితోనే ఇస్త్రీ చేయాలి.