పిల్లల కోసం ఒక ఉత్తరం

జగ్గయ్యపేట, నందిగామల నుంచి పై చదువులకో, ఉద్యోగానికో వెళ్లే పిల్లలు తెలిసిన పెద్దల దగ్గరికి వచ్చి, "బాబాయ్ గారూ, నా గురించి ఒక ఉత్తరం రాసివ్వరా?" అని అడుగుతుంటారు. దాన్ని చిన్న పనిగా చూడకండి.

1912లో గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తా పనికి దరఖాస్తు పెట్టుకున్నారు. చేతిలో డిగ్రీ లేదు. ప్రెసిడెన్సీ కాలేజీ గణితాచార్యుడు మిడిల్‌మాస్ట్ రాసిచ్చిన సిఫారసు ఉత్తరం ఆ దరఖాస్తుకు అండగా నిలిచింది. ఉద్యోగం దొరికింది.

మరి ఎలా రాయాలి? ఆ బిడ్డను ఎన్నేళ్లుగా, ఏ విధంగా ఎరుగుదురో ముందు చెప్పండి. "చాలా మంచి పిల్ల" అంటే చాలదు. కళ్లారా చూసిన సంగతి ఒకటి రాయండి. నాన్న మంచాన పడితే మిరప కోతల కూలీ లెక్కలు పైసా తేడా లేకుండా రాసిందని, చదువూ మానలేదని రాస్తే, చదివేవారికి ఆ పిల్ల కళ్లముందు నిలుస్తుంది. లేని గొప్పలు వద్దు. ఒక్క పేజీ చాలు. చివర తేదీ, సంతకం, ఫోన్ నంబరు ఉండాలి. గడువుకు ముందే చేతికివ్వండి.

మనకది గంట పని. ఆ బిడ్డకు అదే తొలి ఆసరా. అడిగితే కాదనకండి.