పీచ్‌ట్రీ వీధిలో ఫాక్స్



మన అట్లాంటాలోని ఫాక్స్ థియేటర్‌ను మీలో చాలామంది చూసే ఉంటారు. ష్రైనర్లనే సంఘం తమ సమావేశ మందిరంగా మొదలుపెట్టి, డబ్బు చాలక సినిమావారికి లీజుకిచ్చింది. 1929 డిసెంబరు 25న తెరిచారు. లోపలి కప్పు అచ్చంగా రాత్రి ఆకాశమే. చుక్కలు మినుకుమంటాయి, మబ్బులు కదులుతాయి. ఆర్గన్‌కు 3,622 గొట్టాలట!

1970లలో టెలిఫోన్ కంపెనీ తన కార్యాలయం కోసం ఆ స్థలం అడిగింది. హాలు పడగొట్టక తప్పదనుకున్నారు. 1975లో అట్లాంటా ల్యాండ్‌మార్క్స్ అనే సంస్థ ఏర్పడి, అప్పుచేసి కొని, పౌరుల విరాళాలతోనూ సంగీత కచేరీలతోనూ 1978కల్లా ఆ అప్పు తీర్చింది. ప్రభుత్వం కాదు, ప్రేక్షకులే నిలబెట్టుకున్నారన్నమాట.

అయితే ఒక సంగతి దాచకూడదు. వర్ణవివక్ష రోజుల్లో నల్లవారు ఈ ముఖద్వారంలో అడుగుపెట్టడానికి వీల్లేదు. వారి టిక్కెట్ల కిటికీ వేరు. భవనం బయటి మెట్లెక్కి అన్నిటికన్నా పై బాల్కనీకి చేరాలి. ఆ చుక్కలకు వారే దగ్గర, అదొక చిత్రం! గోడల బంగారుపూతతోపాటు ఆ మెట్లూ మిగిలాయి. మిగలడమే మంచిదని నా అభిప్రాయం.

2008 నుంచి ఫాక్స్‌వారు జార్జియాలోని చిన్న ఊళ్ళ పాత థియేటర్ల మరమ్మతుకూ తోడ్పడుతున్నారు. మీ పిల్లలను ఫాక్స్‌కు తీసుకువెళ్ళినప్పుడు చుక్కలు చూపించండి, ఆ మెట్లూ చూపించండి.