ముందు బుర్ర, తరువాత కంప్యూటరు



"ఎంత నేర్చుకున్నా కంప్యూటరు కంటే బాగా ఆడలేం కదా, ఇంక ఈ చదరంగం ఎందుకమ్మా?" అని పిల్లలు అడుగుతూంటారు. ఈ ప్రశ్న చదరంగంతో ఆగదు. లెక్క చెయ్యమంటే ఫోను తీస్తారు, వ్యాసం రాయమన్నా ఫోనే. జవాబు సిద్ధంగా ఉండగా బుర్ర బద్దలు కొట్టుకోవడం దేనికని వాళ్ళ వాదన. తల్లులం, మనం ఏం చెప్పాలి?

వాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. 1997 మే నెలలో న్యూయార్కులో డీప్ బ్లూ అనే కంప్యూటరు ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను 3½–2½ పాయింట్లతో ఓడించింది. అది సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులు పరిశీలించేది. ఇవాళ ఫోనులో ఇమిడే ప్రోగ్రాములే ఎంతటి ఛాంపియన్నయినా ఓడిస్తాయి.

అయినా 2024 డిసెంబరు 12న సింగపూరులో ఏం జరిగిందో వినండి. చెన్నైలో పెరిగిన తెలుగింటి కుర్రవాడు దొమ్మరాజు గుకేష్, పద్ధెనిమిదేళ్ళవాడు, చైనా ఛాంపియన్ డింగ్ లిరెన్‌తో ఆఖరిదైన 14వ ఆట ఆడుతున్నాడు. అప్పటికి ఇద్దరికీ చెరి ఆరున్నర పాయింట్లు. గుకేష్‌కు ఒక్క బంటు ఎక్కువ, అంతే. కంప్యూటరు లెక్కలో ఆట సమానం. చూసేవాళ్ళు చాలామంది డ్రా అనేసుకున్నారు. గుకేష్ వదల్లేదు. ప్రతి ఎత్తుకీ ఎదుటివాడు ఆలోచించక తప్పనట్టు ఆడుతూ పోయాడు. 55వ ఎత్తులో డింగ్ తన ఏనుగును జరపకూడని గడికి జరిపాడు. ఏనుగులూ, శకట్లూ మార్పిడి అయిపోయి రాజులూ, బంట్లూ మాత్రమే మిగిలాయి. ఆ ఒక్క బంటే గెలిపించింది. 58 ఎత్తులకి ఆట ముగిసి, గుకేష్ 7½–6½తో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

మరి కంప్యూటరు చెప్పింది తప్పా? కాదు. ఇద్దరూ పొరపాటు చెయ్యకపోతే అది డ్రాయే. కాని బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు మనుషులు. వాళ్ళకి అలసట ఉంది, భయం ఉంది, పక్కన గడియారం నడుస్తోంది. కంప్యూటరు గట్టున కూర్చుని లోతు చెబుతుంది. ఈదవలసింది మనిషే!

ఆ ఈత గుకేష్‌కి ఎలా వచ్చిందనుకున్నారు? అతని గురువు, గ్రాండ్‌మాస్టర్ విష్ణు ప్రసన్న, 2500 రేటింగు చేరేదాకా శిష్యుణ్ణి కంప్యూటరు విశ్లేషణ జోలికి పోనివ్వలేదు. తప్పో ఒప్పో సొంతంగానే తేల్చుకోమన్నాడు. కంప్యూటరు చేతబట్టుకునే పైకొచ్చిన మేటి ఆటగాళ్ళూ ఉన్నారు, కాదనను. గుకేష్ కూడా తరువాత కంప్యూటరు వాడుకున్నవాడే. సింగపూరు పోటీకి అతణ్ణి తయారుచేసిన బృందంలో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఉన్నాడు. ఈ రోజుల్లో ఆ స్థాయి తయారీ కంప్యూటరు లేకుండా సాగదు. విషయమల్లా ఏది ముందు, ఏది తరువాత అన్నదే.

వంట పుస్తకం పక్కన పెట్టుకున్నంత మాత్రాన చేతికి రుచి రాదు కదా! ఇదీ అంతే.

మా కోటబొమ్మాళి వంటి ఊళ్ళలో పెద్ద శిక్షణ కేంద్రాలు లేవు, నిజమే. కాని సుద్దముక్కతో అరుగు మీద గీతలు గీసుకుని పులి-మేక ఆడినా ఎత్తుకి పై ఎత్తు ఆలోచించడం అలవడుతుంది. చదరంగం బల్ల కొనగలిగితే మరీ మంచిది. పిల్లవాడు ఆడేటప్పుడు ఫోను మీ దగ్గరే ఉంచుకోండి. "ఈ ఎత్తు ఎందుకు వేశావు?" అని అడగండి. మీకు ఆట రాకపోయినా ఫరవాలేదు. కారణం చెప్పబోతే వాడి తప్పు వాడికే తోస్తుంది. ఆట అయ్యాక కంప్యూటరు చూడనివ్వండి. లెక్కకీ, వ్యాసానికీ ఇదే వరస పాటించండి.

పరీక్షగదిలోకీ, రేపు బతుకులో ఎదురయ్యే చిక్కుల్లోకీ వాడి వెంట వెళ్ళేది వాడి బుర్ర ఒక్కటే. దానికి ఇప్పటినుంచే కాస్త పని చెబుదాం.