మాస్కా, గొట్టమా? ముందు అడగండి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఇక్కడ ఐసీయూలో నర్సుని. "వెంటిలేటర్ పెట్టారట" అనగానే మన ఇళ్లలో ఏడుపులు మొదలవుతాయి. "ఠాగూర్" సినిమా చూసినవాళ్లకైతే అనుమానం కూడా.

ఒక కుటుంబం సంగతి చెప్తాను. కొడుకును చూడ్డానికి ఊరి నుంచి వచ్చిన పెద్దాయన. ఏళ్ల తరబడి చుట్ట కాల్చిన ఊపిరితిత్తులు. చలికాలంలో జలుబు చేసి, ఆయాసం పెరిగి, మగతలోకి పోయారు. బయటికి పోవాల్సిన కార్బన్ డయాక్సైడ్ రక్తంలో పేరుకుపోవడం వల్ల ఆ మగత. ఇలాంటివారికి ఆక్సిజన్ మరీ ఎక్కువైతే అదీ చేటే. అందుకని బైపాప్ మాస్కు పెట్టారు. పీల్చేటప్పుడు గాలిని గట్టిగా, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడితో తోస్తుంది. గొంతులో గొట్టం ఉండదు, మత్తిచ్చి పడుకోబెట్టరు. కానీ "వెంటిలేషన్" అన్న మాట విని కొడుకు "మా నాన్నకి అది వద్దండీ" అన్నాడు. రాత్రి నేను డ్యూటీకి వెళ్లేసరికి కోడలు మాస్కు పక్కకి జరిపి పెరుగన్నం ముద్ద పెట్టబోతోంది. పాపం, ఆకలితో ఉన్నారని! ఆ ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోయుంటే నిజంగానే గొట్టం వేయాల్సి వచ్చేది. ఆమెకు తెలుగులో ఎవరూ చెప్పలేదు, అదీ అసలు సంగతి. చెప్పాక ఆమే రాత్రంతా మామగారి చెయ్యి పట్టుకుని మాస్కు తీయనివ్వలేదు. మర్నాటికి ఆయన కళ్లు తెరిచారు.

ఇంటర్‌ప్రెటర్‌ను అడగడం మన హక్కు. 1996 నాటి రోగుల హక్కుల కోడ్‌లో అయిదోది అదే: అవసరమైతే, వీలున్నంతలో ఇవ్వాలి. అర్థం కాకుండా తలూపకండి.

గొట్టం వేసినా అది చావు కాదు. జబ్బు తగ్గేదాకా ఊపిరి మోసే మనిషి అనుకోండి. అందరూ బతుకుతారని మాత్రం చెప్పలేను. గొట్టం వేస్తే ముక్కు చేసే పని, అంటే గాలిని వెచ్చబరిచి తడిచేసే పని, ఆగిపోతుంది. దానికి ఉపాయం ఈ ఆక్లాండ్‌లోనే పుట్టింది. డాక్టర్ మాట్ స్పెన్స్ బృందం పండ్లు నిల్వ చేసే గాజు సీసాతో నమూనా చేసింది. అదే తర్వాత ఫిషర్ అండ్ పైకెల్ హ్యుమిడిఫయర్ అయింది. ఈస్ట్ తామకిలో ఆ కంపెనీ ముందు నుంచి మనలో కొందరు రోజూ పనికి పోతుంటారు.

ఇక ఖర్చు. రెండేళ్లు, ఆపైన వర్క్ వీసా ఉన్నవారికి ప్రభుత్వ వైద్యం ఉంది. విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలకి లేదు. ప్రాణాపాయంలో వైద్యం ఆపరు, బిల్లు మాత్రం వస్తుంది. ఐసీయూ బిల్లు చిన్నది కాదు. టికెట్టుతో పాటే ఇన్సూరెన్స్ తీసుకోండి. ఉబ్బసం, చుట్ట అలవాటు దాచకుండా రాయండి, దాస్తే క్లెయిమ్ పోతుంది. ఆయాసంతో మాట పూర్తి చేయలేకపోతే, మగతగా ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు, 111కి ఫోన్ చేయండి.