అండమాన్ అడవిలో ఒక రోడ్డు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇచ్చిన అంశం అండమాన్ యాత్ర. స్వర్ణోత్సవం పేరు మీద కుటుంబాలతో కలిసి అండమాన్ టూరు వెళ్దామని మన సంఘం అనుకుంటోంది కదా. మొన్న జనవరిలో నేను ఎనిమిది రోజులు అక్కడ తిరిగి వచ్చాను కాబట్టి చూసింది చెప్పమన్నారు. టూరు కమిటీ పంచిన కాగితంలో నాలుగో రోజు దగ్గర "బారాటాంగ్, రోడ్డు మార్గం" అని ఉంది. నేను ఎక్కడ తిరిగినా చివరికి ఆ ఒక్క లైను దగ్గరికే వస్తాను. ముందే చెబుతున్నాను, తర్వాత మోసం చేశాడనుకోవద్దు.

శంషాబాద్‌లో విమానం ఎక్కితే రెండున్నర గంటల్లో పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరులో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు. ఆటోవాళ్లు మాత్రం ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నారు. జనవరిలో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది, అందుకని పొద్దున్నే లేవాలి. మన హైదరాబాద్‌లో ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే మంచి కాలం అంటాం. అక్కడ పడేది 3000 చుట్టుపక్కల. ముప్పై ఏళ్లు రోడ్ల పని చేసినవాడికి ఆ అంకె వింటేనే గుండె జారుతుంది.

ఊళ్లో అందరూ చూసేది అబర్డీన్ బజార్. పడౌక్ చెక్క బొమ్మలు, గవ్వల దండలు, కొబ్బరి చిప్పల సామాన్లు. మంచిదే, ఒక గంట చాలు. నన్ను నిలబెట్టింది జంగ్లీఘాట్ చేపల మార్కెట్టు. అక్కడ అడుగుపెట్టగానే శ్రీకాకుళం తెలుగు చెవిన పడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మందికి పైగా మాతృభాష తెలుగు. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేటకు, కూలికి వచ్చినవాళ్ల పిల్లలు, మనవలు. విశాఖపట్నం నుంచి ఓడలో మూడు రోజుల ప్రయాణం చేసి వచ్చినవాళ్లు. తెలుగు మీడియం బడి కూడా ఉంది. మనలాంటి బడి అన్నమాట, సముద్రం పక్కన.

ఒక పెద్దావిడ గంపలో పెద్ద చేప పెట్టుకుని కూర్చుంది. మన అలవాటు కొద్దీ "అమ్మా, ఈ చాప ఎంత?" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "సాప కావాలంటే అబర్డీన్ బజారుకెళ్లు బాబూ, ఇక్కడ సేపలే దొరుకుతాయి" అంది. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. హైదరాబాద్ వాణ్ణని చెప్పాక మాట కలిసింది. మనం వంజరం అనేదాన్ని వాళ్లు కోనాం అంటారు. తాతల నాటి ఊరు భావనపాడు దగ్గరట, ఆవిడ మాత్రం ఇక్కడే పుట్టిందట. చేపకు కరువు లేదు గానీ ఉల్లిగడ్డ, ఆలుగడ్డ ఓడలో రావాలి. ఓడ రెండు రోజులు ఆలస్యమైతే మార్కెట్టు మొత్తానికి తెలుస్తుంది. "మాకు కేలండరు గోడ మీద కాదు బాబూ, జెట్టీలో ఉంటాది" అంది. ఆవిడ చెప్పిన ఇంకో మాట ఉంది, దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను.

పాతబస్తీ పిల్లలం కాబట్టి ఇంకొక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1857 జులై 17న కోఠీలోని రెసిడెన్సీ మీద దాడి చేసినవాళ్లకు నాయకులు ఇద్దరు. తుర్రేబాజ్ ఖాన్ పేరు మన సోషల్ సారు చెప్పారు. రెండో ఆయన మౌల్వీ అలాఉద్దీన్, మక్కా మసీదు మౌల్వీ. ఆయన్ను 1859లో అండమాన్‌కు పంపారు, అక్కడే చనిపోయారు. సెల్యులార్ జైలుకు వెళ్లి ఆయన గది ఎక్కడ అని వెతకవద్దు. ఆ జైలు కట్టడం మొదలైంది 1896లో, పూర్తయింది 1906లో. అలాఉద్దీన్ కాలానికి గోడలే లేవు. ఖైదీలను అడవి నరికే పనికి తోలేవారు. చుట్టూ సముద్రం, వెనక అడవి, ఆ అడవిలో బాణాలు పట్టుకున్న దీవివాసులు. ఇప్పుడు మనం తిరిగే ఆ ఊరంతా అలా నరికిన చోటే లేచింది.

ఇక అడవి. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు ఎవరి దగ్గరైనా ఉంటే వెనక్కి తిప్పి చూడండి. కొబ్బరి చెట్లు, సముద్రం, దూరంగా లైట్‌హౌస్. అది మౌంట్ హారియట్ దారిలోంచి కనిపించే దృశ్యం. 2021లో ఆ కొండకు మౌంట్ మణిపూర్ అని పేరు పెట్టారు, 1891 యుద్ధం తర్వాత మణిపురి ఖైదీలను అక్కడ ఉంచినందుకు. ఆ కొండ మీద అడవిలో నేను మొదట గమనించింది ఏమీ కనిపించకపోవడం. జూపార్కు గోడ పక్కన పెరిగినవాళ్లం మనం, అడవి అంటే పులి, ఏనుగు, కోతి అని ఒక లెక్క ఉంటుంది. అండమాన్ అడవిలో పులి లేదు, నక్క లేదు, కోతి కూడా లేదు. బయటినుంచి తెచ్చినవి వదిలేస్తే, భూమి మీద తిరిగే పెద్ద జంతువంటే అడవి పందే. ఉన్నదంతా పైన ఉంది. నలభై మీటర్లు దాటిన గుర్జన్ చెట్లు, వాటి మీద నల్లని అండమాన్ వడ్రంగి పిట్ట, చిలకల గుంపులు. ఇంకెక్కడా లేని పిట్టలు ఈ దీవుల్లో చాలా ఉన్నాయి. నార్కొండం అనే దీవి చాలా చిన్నది, ఒక జాతి హార్న్‌బిల్ పక్షికి ప్రపంచం మొత్తం మీద అదొక్కటే ఇల్లు.

పడౌక్ చెట్టు మొదలు చూసి నేను చాలాసేపు నిలబడిపోయాను. వేరు నేలలోకి దిగకముందే పలకలా పైకి లేచి మానుకు ఆనుకుంటుంది, మనం గోడకు దన్ను కట్టినట్టు. పైన మట్టి పలచన, కింద రాయి, మీద అన్ని టన్నుల బరువు, తుపాను గాలి. మన మీర్ ఆలం చెరువు కట్టను 21 కమానులతో కట్టారు కదా, నీటి ఒత్తిడిని కమానులు పక్కలకు పంచేట్టు. ఇక్కడ చెట్టే బరువును పక్కలకు పంచుకుంటోంది. ఆ పలకలను కోసి ఒకే చెక్కతో భోజనాల బల్లలు చేసేవారట. చాథమ్ రంపపు మిల్లు 1883 నుంచి ఉంది. దాని చుట్టూ నడిస్తే ఎంత అడవి అందులోంచి బయటికి వెళ్లిందో ఊహకు అందుతుంది.

జూపార్కులో మనం ముద్దుగా చూసిన చుక్కల జింక అక్కడ విలన్. వందేళ్ల కిందట వేట సరదాకు బ్రిటిష్ వాళ్లు తెచ్చి వదిలారు. తినే పులి లేదు. అవి పెరిగి, ఈదుకుంటూ దీవి నుంచి దీవికి పోయి, మొలకెత్తిన ప్రతి చిన్న మొక్కనూ తింటున్నాయి. పైన చెట్లు పచ్చగా ఉంటాయి, కింద తర్వాతి తరం ఉండదు. ఇంటర్వ్యూ ఐలాండ్‌లో కలప కంపెనీ పని మూసేసి వదిలేసిన ఏనుగులదీ దాదాపు ఇదే కథ. బయటినుంచి వచ్చింది మంచిదైనా సరే, ఆ చోటికి అది ఎక్కువ కావచ్చు.

ఇప్పుడు రోడ్డు.

అండమాన్ ట్రంక్ రోడ్డు పోర్ట్ బ్లెయిర్ వైపు నుంచి ఉత్తరాన డిగ్లీపూర్ దాకా పోతుంది, 300 కిలోమీటర్ల పైమాటే. 1970ల్లో దాని పని జోరుగా సాగింది. దారి జరావాల అడవి మధ్యలోంచి తీశారు. పనివాళ్ల మీద బాణాలు పడ్డాయి, రెండు వైపులా ప్రాణాలు పోయాయి. 1997 చివర్లో జరావాలు బాణాలు లేకుండా మొదటిసారి ఊళ్ల దగ్గరికి రావడం మొదలుపెట్టారు. 1999లో వాళ్లలో తట్టు వ్యాపించింది. మన పిల్లలకు టీకా వేసి మరిచిపోయే జబ్బు అది, వేల ఏళ్లు విడిగా బతికినవాళ్లకు అలా కాదు. 2011 లెక్కల్లో జరావాలు 380 మంది. మన సభలో ఇవాళ భోజనం కూపన్లు తీసుకున్నవాళ్లు అంతకంటే ఎక్కువ.

2002 మేలో సుప్రీం కోర్టు ఆ అడవిలోంచి పోయే భాగాన్ని మూసేయమంది. రోడ్డు ఇంకా నడుస్తోంది. తిండి చూపించి జరావా ఆడపిల్లలతో డాన్సు చేయించిన వీడియో 2012 జనవరిలో బయటికి వచ్చి ప్రపంచమంతా తిట్టింది. ఆ తర్వాత చట్టం గట్టిపడింది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బండ్లన్నీ ఆగి, వేళ ప్రకారం కాన్వాయ్‌గా వెళ్లాలి. ఆగకూడదు, ఫొటో తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు.

రంగత్ దగ్గర వంతెన పనిలో ఉన్న నా పాత సహోద్యోగిని చూడటానికి నేను ప్రభుత్వ బస్సులో ఆ దారిన వెళ్లాను. తెల్లవారుజామున జిర్కాటాంగ్‌లో చాయ్ తాగుతుంటే పక్కన టూరిస్టు బండి దిగిన ఒక తెలుగు కుటుంబం. ఎనిమిదేళ్ల బాబు అడిగాడు, "నాన్నా, వాళ్లు కనిపిస్తారా?" నాన్న అన్నాడు, "అదృష్టం ఉంటే కనిపిస్తారు."

ఈ మాట మనం ఎక్కడ విన్నామో ఇక్కడ అందరికీ తెలుసు. జూపార్కులో లయన్ సఫారీ బండి ఎక్కి డ్రైవరును అడిగిన ప్రశ్న అదే, ఆయన చెప్పిన జవాబూ అదే. ఆ తండ్రి చెడ్డవాడేమీ కాదు. టూరు అమ్మినవాళ్లు గుహలు అని రాసి, ఆశ మాత్రం ఇంకోటి అమ్ముతారు. మా బస్సులో సగం మంది నిద్రపోయారు, కూరగాయల సంచులు కాళ్ల మధ్య పెట్టుకుని. ముందు పోయే టూరిస్టు బండ్లలో అద్దాలకు ముఖాలు అంటుకుని ఉన్నాయి. అదే రోడ్డు, అదే వేగం. నాకు జరావాలు కనిపించారా అని వచ్చినప్పటి నుంచి అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పను.

అయితే రోడ్డు మూసేయండి అని ఇక్కడ మైకు ముందు నిలబడి అనడం సులువు. జంగ్లీఘాట్‌లో ఆ పెద్దావిడ చెప్పిన మాట ఇప్పుడు వినండి. వాళ్ల కోడలు పుట్టిల్లు కదమ్‌తలా, రోడ్డుకు అవతలి వైపు. అక్కడ ఉండగా కాన్పు కష్టమై రాత్రికి రాత్రి ఆ దారినే పెద్దాసుపత్రికి తెచ్చారు. "రోడ్డు లేకపోతే పిల్ల బతికేది కాదు బాబూ. ఓడ ఎప్పుడొస్తాదో దేవుడికెరుక." రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్‌లలో ఉన్న వేలమందికి ఆ దారే ఆసుపత్రి, ఆ దారే కాలేజీ. వాళ్లను సర్కారే తెచ్చి అక్కడ భూమి ఇచ్చి ఉంచింది.

ఇంజనీరుగా నా అభిప్రాయం ఒకటి ఉంది. ఆవిడ రోడ్డు కావాలని అనలేదు, ఓడను నమ్మలేనని అంది. చుట్టూ సముద్రం ఉన్న చోట సరైన దారి సముద్రమే. కానీ రోడ్డుకు శిలాఫలకం ఉంటుంది, రిబ్బన్ కత్తిరించడం ఉంటుంది. ఓడను రోజూ టైముకు నడపడానికి ఫలకం ఉండదు. డీజిలు, సిబ్బంది, మరమ్మతు, మళ్లీ మళ్లీ అదే ఖర్చు. మీర్ ఆలం కట్ట 200 ఏళ్లు దాటినా నిలబడే ఉంది. ఒకప్పుడు పాతబస్తీ తాగిన ఆ చెరువు నీళ్లను మాత్రం మనమే పాడుచేసుకున్నాం. కట్టడం మనకు వచ్చు, నడపడం దగ్గరే మన చేయి ఆగుతుంది. ఓడలు నమ్మకంగా, రాత్రి అంబులెన్సు పడవతో సహా నడిచిన రోజున ఆ పెద్దావిడే రోడ్డు వద్దంటుంది. అప్పటిదాకా అవసరం ఉన్నవాడు ఆ దారిన పోతాడు. గుహ చూడటానికి వెళ్లేవాడికి ఆ అవసరం లేదు.

కాబట్టి టూరు కమిటీకి నా విన్నపం. నాలుగో రోజు లైను మార్చండి. బారాటాంగ్‌కు సముద్రం మీదుగా వెళ్లే దారి 2017లో తెరిచారు. ఆ రోజుల్లో పడవ దొరికితే అందులో వెళ్దాం, ఎక్కువసేపు పట్టినా పిల్లలు మడ అడవులు చూస్తారు. దొరకకపోతే బారాటాంగ్ వదిలేద్దాం. సున్నపురాయి గుహలే కావాలంటే మనకు బెలుం, బొర్రా ఉన్నాయి. ఆ రోజు పొద్దున్నే పడవ మీద అవతలి ఒడ్డుకు దాటి మౌంట్ హారియట్ ఎక్కి, మర్నాడు చిడియా టాపు పెడదాం. కాలినడక ఉంటుంది. మోకాళ్ల నొప్పి ఉన్న మా బ్యాచ్ వాళ్లు జీపులో పైకి రావచ్చు, నడిచేవాళ్లు వాన పడితే జలగల కోసం చిన్న ఉప్పు పొట్లం పెట్టుకోండి. పేర్లు ఇచ్చేవాళ్లు భోజనాల దగ్గర నన్ను కలవండి, కాగితం నా దగ్గరే ఉంది.