దుకాణం నుంచి మళ్ళీ కొలువుకు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేమిద్దరం అన్నదమ్ములం. ఇక్కడ నిలబడి మాట్లాడేది ఒకరే అయినా మాట ఇద్దరిదీ. మేము వక్తలం కాము, మోటార్లకు తీగ చుట్టుకుని బతికినవాళ్ళం. మా అనుభవం చెబితే నలుగురికీ పనికొస్తుందని పెద్దలు అన్నందువల్ల వచ్చాము.

2004 నుంచి ఆరేళ్ళు ఇద్దరం ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్లుగా పనిచేశాము. 2010లో మానేసి, తెనాలి రోడ్డు పక్కన వైండింగు షాపు పెట్టుకున్నాము. మానేసిన రోజున మాకెంత గర్వమో! ఒకడి కింద పని చేయడం ఇక లేదనుకున్నాము. ఈ కోరిక మా ఒక్కరిదే కాదు. మన వాళ్ళలో స్వయంగా పని చేసుకునేవారే ఎక్కువ. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక చూడండి. దేశంలో పనిచేసే ముస్లిములలో నూటికి 61 మంది స్వయంఉపాధి మీద ఉన్నారనీ, హిందువులలో 55 మంది ఉన్నారనీ చెప్పింది. పట్టణాలలో ఆ తేడా ఇంకా పెద్దది: 57, 43. కొలువు దొరక్క కొందరు, కొలువు నచ్చక కొందరు.

షాపు బాగానే నడిచింది. కానీ రైతు మోటారు బాగుచేయించుకుని, "నూర్పిళ్ళయ్యాక ఇస్తాలే భాయీ" అనేవాడు. పసుపు వేసినాయన దుగ్గిరాల యార్డులో సరుకు అమ్మాక ఇస్తాననేవాడు. రాగి తీగ అమ్మే ఆసామి మాత్రం రొక్కం చేతిలో పడందే తీగ ఇవ్వడు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. షాపు తెరిచేనాటికి అరువు పుస్తకం లావెక్కింది, గల్లాపెట్టె ఖాళీ అయింది.

ఒక రాత్రి ఇద్దరం కూర్చుని లెక్క రాశాము. అద్దె, కరెంటు, తీగ, వార్నిష్ అన్నీ రాశాము. అప్పుడు మా అమ్మీ అడిగింది: "మీ కూలి ఏదిరా అందులో?" పదకొండేళ్ళలో ఏనాడూ మా కూలి మేము రాసుకోలేదు. అది కలిపి చూస్తే, షాపు ఒక సంసారాన్ని పోషిస్తుంది గానీ రెండింటిని పోషించదని తేలింది.

మరి ఎవరు వెళ్ళాలి? చిన్నవాడు "నేను వెళతా భాయీ" అన్నాడు. కానీ పెద్దవాడికి అప్పటికి 46 ఏళ్ళు. ప్రావిడెంట్ ఫండుకు అనుబంధమైన పెన్షను పథకంలో 58 ఏళ్ళ వరకే సభ్యత్వం. పెన్షను రావాలంటే పదేళ్ళ సర్వీసు ఉండాలి. అంటే 48 దాటాక చేరితే ఆ గడువు అందదు. చిన్నవాడికి ఇంకా వ్యవధి ఉంది. అందుకని 2021లో పెద్దవాడు వడ్లమూడి దగ్గరలో ఒక కంపెనీలో చేరాడు.

బంధువులొకరు, "ఇన్నాళ్ళు సేఠ్‌లా బతికి ఇప్పుడు కార్డు మెడకేసుకుంటావా?" అన్నారు. ఆ మాట చాలాకాలం గుచ్చుకుంది. మొదటి రోజున హాజరు మిషను మా వేలిముద్ర పట్టలేదు. తీగ లాగి లాగి బొటనవేలి గీతలు అరిగిపోయాయి. సూపర్‌వైజరుకు ఇరవై ఏడేళ్ళు. చివరకు వేరే వేలు పెట్టించి, "మీ పనితనం నేర్పండి అంకుల్" అన్నాడు. ఆ పూటే సిగ్గు సగం పోయింది. జుమా నమాజు సంగతి చేరేముందే అడిగాము. భోజనం వేళ మార్చుకోమన్నారు. అడగకుండా గొణుక్కుంటే అయ్యేది కాదు.

మేము చేసిన తప్పు కూడా చెప్పాలి. 2010లో మానేసినప్పుడు ఫండు డబ్బుతో పాటు పెన్షను సొమ్మూ తీసేసుకున్నాము. దాంతో ఆరేళ్ళ సర్వీసు చెరిగిపోయింది. అప్పుడు స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని దాచుకుని ఉంటే ఆ ఆరేళ్ళూ ఇప్పుడు కలిసేవి. మేము చేరిననాటి లెక్క ప్రకారం, జీతం 15,000 రూపాయల మీద పన్నెండేళ్ళకు నెలకు సుమారు 2,571 రూపాయల పెన్షను వస్తుంది. ఆరేళ్ళు కలిస్తే 3,857 అయ్యేది. గొప్ప సొమ్మేమీ కాదు. కానీ సర్వీసులో ఉండగా మనిషి పోతే, ఒక్క నెల చందా కట్టి ఉన్నా భార్యకు పెన్షను వస్తుంది. షాపులో ఉన్నన్నాళ్ళూ మా ఇంటి ఆడవాళ్ళకు అటువంటి ఆసరా ఏదీ లేదని మాకు తట్టనే లేదు.

ఈ చుట్టుపక్కల కొలువులు పెరిగాయి. వడ్లమూడిలో విజ్ఞాన్ వారి ఇంజనీరింగు కాలేజీ 1997లో మొదలై 2008లో డీమ్డ్ విశ్వవిద్యాలయమైంది. పాల ఉత్పత్తిదారుల సంఘంగా పుట్టిన సంగం డెయిరీ 2013లో ప్రొడ్యూసర్ కంపెనీ అయింది. ఇటువంటి చోట్ల చేతిపని వచ్చినవారి అవసరం ఎప్పుడూ ఉంటుంది.

యువకులకు మా మనవి. షాపు పెట్టండి, వద్దనము. మా షాపూ మూతపడలేదు, చిన్నవాడు నడుపుతున్నాడు, ఆదివారాలు ఇద్దరం కూర్చుంటాము. అయితే లెక్కల్లో మీ కూలి రాసుకోండి. కొలువు మానేటప్పుడు కాగితాలు భద్రపరచుకోండి. తిరిగి వెళ్ళవలసి వస్తే వయసు మించకముందే వెళ్ళండి. వెళ్ళినవాడిని చూసి నవ్వకండి. వాడు ఓడిపోయి వెళ్ళడం లేదు, ఇంటి బరువు చూసుకుని వెళుతున్నాడు.