ఓటుకు పరీక్ష పెడితే పేపరు దిద్దేదెవరు?



ఎమ్మెల్యే పనేమిటో, కార్పొరేటర్ పనేమిటో తెలియనివాళ్లకు ఓటెందుకు, చిన్న పరీక్ష పెట్టి నెగ్గినవాళ్లకే ఇవ్వొచ్చు కదా అని భిలాయి రుఆబాంధా తెలుగు కుటుంబాల్లో చదువుకున్న మన కుర్రాళ్లు అడుగుతున్నారు. డబ్బుకూ మందుకూ ఓట్లు పడటం చూసి, విసిగిపోయి అంటున్న మాట అది. వాళ్ల బాధ నిజమైనదే. అయినా ఆ పరీక్ష వద్దంటాను.

ఇది కొత్త ఆలోచనేం కాదు. బ్రిటిష్ వాళ్ల 1935 చట్టం కింద ఓటు రావాలంటే ఆస్తో, పన్ను రశీదో, చదువో చూపించాలి. అందుకే 1937 ఎన్నికల నాటికి ఓటున్నవాళ్లు సుమారు 3 కోట్ల మందే. స్వాతంత్ర్యం వచ్చాక ఆ గీత చెరిపేశారు. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ రాజ్యాంగ ముసాయిదా సంఘంలో సభ్యులు. దేశంలో అజ్ఞానం, నిరక్షరాస్యత ఎంత ఉన్నా సామాన్యుడి మీద నిండు నమ్మకంతోనే అందరికీ ఓటు ఇస్తున్నామని 1949 నవంబరులో ఆయన రాజ్యాంగ సభలో చెప్పారు. 1951 జనగణన ప్రకారం అప్పటి అక్షరాస్యత 18 శాతం చిల్లర. ఆడవాళ్లలో 9 శాతం కూడా లేదు. ఆ లెక్క తెలిసీ అంత మాట అనడానికి ఎంత గుండె కావాలి!

అలా అందరికీ ఓటిచ్చిన మొదటి ఎన్నికల్లో జరిగిన ఒక సంగతి మన పిల్లలు తప్పక తెలుసుకోవాలి. ఓటర్ల జాబితా రాయడానికి ఇంటికొచ్చిన మనిషికి చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్యననో, ఫలానా వాడి తల్లిననో చెప్పి ఊరుకున్నారు. సొంత పేరు లేనిదే కుదరదన్నారు ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్. దాదాపు 28 లక్షల పేర్లు పోయాయి. ఆయన ఉద్దేశం మంచిదే, ఆడదానికి తన పేరుతోనే ఓటుండాలన్నది. అంత మంచి ఉద్దేశంతో పెట్టిన ఒక్క నిబంధనకే ఇన్ని లక్షల మంది బయట నిలబడ్డారంటే, ఇక ప్రశ్నపత్రం పెడితే ఎంతమంది మిగులుతారు?

చెడు ఉద్దేశంతో పెడితే ఏమవుతుందో అమెరికా చూపించింది. మిసిసిపీ రాష్ట్రం 1890లో కొత్త రాజ్యాంగం రాసుకుంది. ఓటరుగా చేరాలంటే అందులో ఒక భాగాన్ని చదవాలి, లేదా చదివి వినిపిస్తే అర్థం చెప్పాలి. ఏ భాగం ఇవ్వాలో పేర్లు నమోదు చేసే గుమాస్తా ఇష్టం, జవాబు సరైనదో కాదో తేల్చేదీ గుమాస్తాయే. తెల్లవాడికి తేలికైన ముక్క, నల్లవాడికి లాయరుకైనా కొరుకుడుపడని ముక్క. పాఠాలు చెప్పే నల్లజాతి టీచర్లు కూడా తప్పారు. 1965 ఓటు హక్కు చట్టం వచ్చేదాకా ఆ అన్యాయం సాగింది. ప్రశ్న ఎంత మంచిదైనా కావచ్చు, దాన్ని దిద్దే కలం ఎవరి చేతిలో ఉంటే ఓటు వాడి చేతిలో ఉన్నట్టే.

చదువుకున్నవాళ్లే ఓటేస్తే ఎలా ఉంటుందో మన తెలుగు రాష్ట్రాల్లో చూస్తూనే ఉన్నాం. శాసనమండలి పట్టభద్రుల స్థానాల్లో డిగ్రీ ఉన్నవాళ్లకే ఓటు. బూత్‌లో ఊదారంగు స్కెచ్ పెన్ను ఇస్తారు, నచ్చిన అభ్యర్థి పేరు ఎదురుగా 1 అంకె వేయాలి. అంతే పని. 2021 మార్చిలో తెలంగాణలో ఇలాంటి రెండు స్థానాలకు ఎన్నికలు జరిగితే, ఒక్కో చోట 20 వేలకు పైగా ఓట్లు చెల్లలేదు. ఇది విని ఎవరూ నవ్వొద్దు. డిగ్రీ వేరు, ఓటు వేయడం వేరు అని ఒప్పుకుంటే చాలు.

ఓటుకు కాదు గానీ, పోటీ చేసేవాళ్లకు చదువు షరతు పెట్టిన హర్యానా పంచాయతీ చట్టాన్ని 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. తీర్పు రాసినవారు మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. వారంటే నాకు ఎంతో గౌరవం, అయినా ఆ తీర్పు నాకు మింగుడుపడలేదు. బడి పెట్టనిది సర్కారైతే, శిక్ష బడికి పోలేని మనిషికా? అలాంటి షరతునే పెట్టిన రాజస్థాన్ 2019లో దాన్ని తీసేసింది.

ఇక మన భిలాయి సంగతి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించారు. దాని పునాదుల్లో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చిన మనవాళ్ల చెమట కూడా ఉంది. వేలిముద్ర వేసి కూలి తీసుకున్న తల్లులు వాళ్లలో ఎందరో. వాళ్లకు ఇప్పుడు హిందీలో ప్రశ్నపత్రం ఇచ్చి, రాజ్యసభకు ఎంతమంది సభ్యులని అడుగుదామా? అలాంటి తల్లికి కుళాయి నీళ్లు ఏ పూట రావడం లేదో తెలుసు. కాంట్రాక్టు పనికి వెళ్లే కొడుకు బ్యాంకులో పడిన కూలి నుంచి కాంట్రాక్టరుకు ఎంత తిరిగి ఇచ్చుకోవాల్సి వస్తోందో పైసలతో సహా తెలుసు. ఓటుకు కావలసిన తెలివి అదే. పాలన తప్పితే మొదట దెబ్బ తినేది ఆమె, కాబట్టి మొదట అడిగే హక్కూ ఆమెదే.

పౌరజ్ఞానం అక్కర్లేదని నేననడం లేదు. ఓటు ఇచ్చాక నేర్పాలి, నేర్చుకుంటేనే ఇస్తామనకూడదు. పరీక్ష పెట్టాలన్న కుర్రాళ్లనే ఒక పని అడుగుతున్నాను. ఆదివారం సాయంత్రాలు ఇక్కడే కూర్చోండి. వార్డుకు ఏం అధికారముందో, ఏ ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో పెద్దవాళ్లకు తెలుగులో చెప్పండి. 18 నిండినవాళ్ల చేత ఓటు నమోదుకు ఫారం 6 నింపించండి. హిందీ ఓటర్ల జాబితాలో మన ఇంటిపేర్లు తప్పుగా పడి ఉంటే సవరణకు ఫారం 8 పెట్టించండి. సందేహమొస్తే ఓటరు హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేయండి. వచ్చే ఆదివారమే మొదలుపెట్టండి.